ఆహార మాంసకృత్తులు
మాంసకృత్తులు లేదా ప్రొటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులతో ఏర్పడి, గ్రాముకు సుమారు 4 కిలోకాలరీల శక్తినిచ్చే పోషకాలు. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి.

అన్నంతోపాటు పప్పు, గుడ్డు, చేప వంటివి తీసుకున్నప్పుడు జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఇన్సులిన్ స్రావం పెరుగుతుంది. దీంతో భోజనానంతరం రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గుతుంది. అయితే అమైనో ఆమ్లాలు రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ హార్మోన్‌నూ ప్రేరేపిస్తాయి. టైప్ 1 మధుమేహంలో అధిక ప్రొటీన్ కొన్ని గంటల తర్వాత చక్కెరను పెంచవచ్చు.

ప్రొటీన్ శక్తిలో 20–30 శాతం దాని జీర్ణక్రియకు, వినియోగానికే ఖర్చవుతుంది. ప్రొటీన్ ఆకలిని తగ్గించి, బరువు తగ్గే దశలో కండర నష్టాన్ని పరిమితం చేస్తుంది. మొత్తం కాలరీలు అవసరానికి మించితే మాత్రం కొవ్వు పేరుకుంటుంది.

భారతీయ వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థల 2020 ప్రమాణం ప్రకారం వయోజనులకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అవసరం.