సర్వే నంబరులోని అడ్డగీత

జాలపుటల్లో జనం నింపే ఫారాల సమాచారాన్ని ఒక క్రమంలో పేర్చడం నా వృత్తి. ఆ విద్య నేను నగరంలో నేర్చుకున్నాననుకునేవాణ్ణి. నర్సంపేటలో మా బాపు పెట్టెలోని పాత పహాణీ నకలు చూసిన నాడు ఆ అభిప్రాయం మారింది.

ఫారంలో నింపినదంతా సర్వరుకు ఒకే వరుసగా చేరుతుంది: ఒక పేరు, దాని విలువ, మరొక పేరు, దాని విలువ. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణం చెప్పిన పద్ధతి ఇదే. ఒక రైతుకు మూడు చెలకలు, ఒక్కొక్క చెలకకు ఇద్దరేసి వాటాదారులు ఉంటే ఆ వరుసలో ఎవరు దేనికి చెందినవారో తెలియదు. అందుకే పీహెచ్‌పీలో గడి పేరుకే చదరపు బ్రాకెట్లు తగిలించి, ఏది దేని లోపలిదో సూచిస్తాము. ఆ గుర్తులను చదివి కోడు పెట్టెలో పెట్టెను అమరుస్తుంది.

తెలంగాణ పహాణీల్లో ఆ పని అడ్డగీత చేసింది. ఉదాహరణకు 45/అ/1 అంటే 45వ సర్వే నంబరులో ‘అ’ భాగం, అందులో ఒకటవ తునక. అన్నదమ్ములు పంచుకున్నకొద్దీ గీతలు పెరుగుతాయి. ఎకరానికి 40 గుంటలు; లోపలి తునకలన్నీ కూడితే బయటి నంబరు విస్తీర్ణానికి సరిపోవాలి. మేము కోడుతో సరిచూసేదీ అటువంటి లెక్కనే.

హైదరాబాదు రాజ్యంలో 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1954-55లో ఖస్రా పహాణీ తయారైంది. నేటికీ భూతగాదాల్లో పెద్దలు వెదికే కాగితం అది. పహాణీలో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. పట్టా ఎవరిది, నాగలి ఎవరిది అన్న రెండు ప్రశ్నలకూ ఒకే తునకలో చోటుండేది.

2017లో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఆ తరువాత వచ్చిన కొత్త పాసుపుస్తకాల్లో అనుభవదారుకు గడి లేదు. 2020 అక్టోబరు 29న ఆరంభమైన ధరణిలోనూ లేదు. ఆ గడి తగాదాలకు మూలమన్నది నాటి ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే 2018లో రైతుబంధు కింద పంటకు ఎకరానికి 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు ఆ సొమ్ము పట్టాదారుకే చేరింది. కౌలుదారు లెక్కలోకి రాలేదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

లోపలి పెట్టెలను ఎంత చక్కగా అమర్చినా, గడి గీయని చోట మనిషి ఉండడు. ఎవరూ అతణ్ణి కొట్టివేయనక్కరలేదు.

మా బాపు దాచిన నకలులో పట్టాదారు మా తాత. అనుభవదారు గడిలో ఉన్న పేరు మా ఇంటిది కాదు. మా చెలకను కౌలుకు దున్నినవాడని బాపు చెప్పాడు. ఆయన మా నేల దున్నాడనడానికి నేను చూసిన ఆధారం ఆ ఒక్క గడి. ఇప్పుడు ఏ ఫారం గీసినా, ఎవరి గడి వదిలానో మరొకసారి చూసుకుంటున్నాను.