తెరకెక్కని సిపాయి: బళేపేట ముట్టడి, దామనపల్లి కనుమ, ‘సెంచూరియన్’

ప్రస్తావన

కన్నడంలో ‘బళె’ అంటే గాజు. బెంగళూరు పాతపేటలోని బళేపేట మన మాటలో గాజులపేట. ఇప్పుడు ఆ వీధికి పేరు తెచ్చేవి వాయిద్యాల దుకాణాలు. అక్కడి నుంచి కాస్త పడమటికి నడిస్తే మెజెస్టిక్, గాంధీనగర్ సినిమా వీధులు వస్తాయి. దశాబ్దాలుగా తెలుగు సినిమాలు ఆడుతున్న చోటు అది. ఈ పేట చుట్టూ ఒకప్పుడు మట్టిగోడ, కందకం, ముళ్లకంచె ఉండేవి. 1791 మార్చి 7న కారన్‌వాలిస్ నడిపిన ఇంగ్లీషు సేన ఆ గోడ దాటి పేటను పట్టుకుంది. మార్చి 21 రాత్రి కోట కూడా పడిపోయింది.

ఈ ముట్టడి గురించి తలచినప్పుడు మైసూరు పాలకుడు టిప్పు ఒక పక్క, ఇంగ్లీషువాళ్లు ఒక పక్క కనిపిస్తారు. దాడి చేసిన సేనలో చాలామంది ఇంగ్లీషువాళ్లు కారన్న సంగతి వెంటనే గుర్తుకు రాదు. సామ్రాజ్య సేనల్లో జీతానికి పోరాడిన స్థానిక సిపాయి చారిత్రక యుద్ధ చిత్రాల్లో ఎందుకు కనుమరుగవుతాడన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం. పోలిక కోసం నీల్ మార్షల్ తీసిన బ్రిటిష్ చిత్రం ‘సెంచూరియన్’ (2010), తెలుగులో ‘అల్లూరి సీతారామరాజు’ (1974) తీసుకున్నాను.

రోమన్లు కాని రోమన్ సేన

‘సెంచూరియన్’ కథాకాలం క్రీ.శ. 117. ఉత్తర బ్రిటన్‌లోని పిక్టులనే జాతి మీదికి వెళ్లిన తొమ్మిదో లీజియన్ (రోమన్ పౌరుల పటాలం) అడవిలో మాటుదాడికి నాశనమవుతుంది. క్వింటస్ డయస్ అనే సైనికుడు, అతనితో మిగిలిన కొందరు శత్రుభూమి నుంచి పారిపోవడమే తర్వాతి కథ. చరిత్ర లెక్కల్లో చిత్రం చాలాచోట్ల తప్పింది. అందులో గవర్నరుగా కనిపించే అగ్రికోలా క్రీ.శ. 93లోనే చనిపోయాడు. ‘పిక్టులు’ అన్న పేరు మనకు దొరికే రాతల్లో మొదట కనిపించేది క్రీ.శ. 297లో. తెర మీద వాళ్లు మాట్లాడే గేలిక్ భాష ఆ నేల మీద తర్వాతి కాలంలో వేరూనింది.

ఒక విషయంలో మాత్రం చిత్రం సత్యానికి దగ్గరగా నడిచింది. పారిపోయే గుంపులో వేర్వేరు దేశాలవాళ్లు ఉంటారు. రోమన్ సేన అసలు స్వరూపం అదే. క్రీ.శ. 83 ప్రాంతంలో జరిగిన మాన్స్ గ్రాపియస్ యుద్ధాన్ని అగ్రికోలా అల్లుడు టాసిటస్ రాసిపెట్టాడు. ఆయన కథనంలో ముందు వరసలో నిలిచినవాళ్లు ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల నుంచి వచ్చిన బటావియన్, తుంగ్రియన్ సహాయక దళాలు. లీజియన్లు వెనక నిలబడ్డాయి. రోమన్ నెత్తురు ఒలకకుండా గెలిస్తే కీర్తి పెరుగుతుందని ఆయన దాచుకోకుండానే రాశాడు. రోమ్ ఓడించిన ఒక జాతి వాళ్లు, రోమ్ జీతం తీసుకుని ఇంకొక జాతి మీదికి నడిచారు.

పేటగోడ దగ్గర తిలంగాలు

1791లో బెంగళూరు మీదికి వచ్చిన సేనలో ఇంగ్లీషు రెజిమెంట్లతో పాటు మద్రాసు, బెంగాల్ సిపాయి పటాలాలు ఉన్నాయి. మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లు చాలామంది. 1757లో క్లైవ్ వెంట మద్రాసు సిపాయిలు బెంగాల్ వెళ్లాక ఉత్తరాదిలో ‘తిలంగా’ అన్న మాటకు సిపాయి అనే అర్థం స్థిరపడింది. 1857లో తిరగబడ్డ అవధ్ సిపాయిలను కూడా ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచారు. మన జాతి పేరు ఒక కొలువుకు పేరైపోయింది.

పేటలో తెలుగు మాట్లాడే వర్తక కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అంటే ఆ గోడకు అటూ ఇటూ తెలుగు వినిపించి ఉండవచ్చు. ఇది ఊహే. కానీ సిపాయి పటాలాల కూర్పును చూస్తే కొట్టిపారేయలేని ఊహ.

జ్ఞాపకంలో మిగిలినవాళ్లు వేరు. పేట ద్వారం దగ్గర చనిపోయిన కర్నల్ మూర్‌హౌస్ మరణాన్ని రాబర్ట్ హోమ్ తైలవర్ణ చిత్రంగా గీశాడు. ఆ చిత్రం పేరులోనే కర్నల్ ఉన్నాడు. దాడిలో పడిపోయినవాళ్ల కోసం కట్టిన స్మారకస్తంభాన్ని 1964లో తొలగించారు. దాని పేరున ఉన్న రోడ్డు ఇప్పుడు నృపతుంగ రోడ్డు. వలస పాలన గుర్తును తీసేయడం న్యాయమే. అయితే కూలీకి ప్రాణం పెట్టిన సిపాయికి ఆ స్తంభం ఉన్నప్పుడూ చోటు దక్కలేదు, పోయాకా దక్కలేదు.

దామనపల్లి కనుమ

పిక్టుల మాటుదాడికి తెలుగునేలలో దగ్గరి పోలిక అల్లూరి సీతారామరాజు నడిపిన రంప తిరుగుబాటు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి దళం కాపువేసింది. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కాల్చింది. కొలువు చేసేవాడు వేరు, కొలువిచ్చినవాడు వేరు అన్న తేడా అల్లూరికి స్పష్టంగా తెలుసు. తర్వాత ప్రభుత్వం మలబార్ స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపింది. మన్యం కొండజనాన్ని అణచడానికి ఈశాన్య కొండల నుంచి దళం వచ్చింది. బటావియన్ల కథ మళ్లీ నడిచింది.

కృష్ణ నూరో చిత్రంగా వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ మన్యం గొంతును ఊరూరా వినిపించింది. జగ్గయ్య వేసిన ఇంగ్లీషు అధికారి రూథర్‌ఫర్డ్ పాత్రకు మాటలో బరువు, మనిషిలో హుందాతనం ఇచ్చింది. నాయకుడికీ ప్రతినాయకుడికీ నిండైన రూపం దక్కింది. మధ్యలో తుపాకీ మోసినవాడు గుంపులో మనిషిగానే మిగిలాడు. ‘బొబ్బిలి యుద్ధం’ (1964) కూడా సంస్థానాధీశుల పౌరుషం చుట్టూనే తిరుగుతుంది. బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట నడిచిన సిపాయి ఇల్లెక్కడో, జీతమెంతో ఆ కథకు అక్కర్లేదు.

‘సెంచూరియన్’ లోపం దీనికి తిరగేసినది. అందులో సైనికుడికి ఆకలి, భయం, అలసట అన్నీ ఉన్నాయి. ఓటమి బయటపడకుండా చివరికి రోమ్ అధికారులే అతన్ని చంపించబోతారు. కానీ పిక్టుల పక్షాన వేటాడే ఎటెయిన్‌కు మాటే లేదు, ఆమె నాలుకను రోమన్లు కోసేశారు. సొంత చరిత్ర రాసుకోని జాతికి ఆ మూగతనం సరిపోయింది గానీ, కథ మాత్రం ఒంటిచూపుదై పోయింది.

ముగింపు

చారిత్రక చిత్రం ఎవరి కళ్లతో చూస్తుందో వాళ్లకే ప్రాణం పోస్తుంది. తెలుగు చిత్రం ఇంతవరకు కోటలోపలి కళ్లతోనే చూసింది. ఆ చూపు అవసరమైనదే, అది మనకు ఆత్మగౌరవం ఇచ్చింది. కానీ తిలంగా మనవాడు. అతన్ని ద్రోహి అనేసి ఊరుకుంటే, కరువూ అప్పూ కొలువూ కలిసి ఒక మనిషిని ఎలా నడిపిస్తాయో మనకు ఎప్పటికీ అర్థం కాదు. పరిశోధకులు సైనిక పత్రాల్లో, కథకులు ఊళ్ల జ్ఞాపకాల్లో అతన్ని వెతకాలి. కథ మొదలుపెట్టడానికి బళేపేట కంటే మంచి చోటు లేదు. ఆ ముట్టడి మీద ఒక సినిమా వస్తే, అది ఆడే హాలు కూడా నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.