తేదీకి కట్టుబడిన విడుదలలు: ఓపెన్ సోర్స్‌లో మారిన పద్ధతి

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా, ఎప్పుడైనా చూడవచ్చు. అయితే సాధారణ వినియోగదారుకు అందేది నేరుగా ఆ కోడ్ కాదు. పరీక్షించి, సంఖ్య కేటాయించి ప్రకటించిన కూర్పు. దీనినే విడుదల అంటారు. సరిదిద్దిన లోపమైనా, కొత్తగా చేర్చిన సదుపాయమైనా విడుదల జరిగేంతవరకు ప్రాజెక్టు గడప దాటదు.

ఆ నిరీక్షణ ఎంత భారమో లినక్స్ కెర్నెల్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2.4 కూర్పు 2001 జనవరిలో, 2.6 కూర్పు 2003 డిసెంబరులో వెలువడ్డాయి. చుక్క తరువాతి అంకె సరిసంఖ్య అయితే స్థిరమైన శ్రేణి, బేసిసంఖ్య అయితే ప్రయోగాల శ్రేణి అన్నది ఆనాటి నియమం. 2.5లో సిద్ధమైన మార్పుల కోసం మూడేళ్లు ఆగలేని పంపిణీ సంస్థలు వాటిని తమ 2.4 కెర్నెల్‌కు అతికించుకున్నాయి. పేరుకు కెర్నెల్ ఒక్కటే, రూపం మాత్రం సంస్థకొకటి. ఈసారి చోటు దక్కకపోతే మళ్లీ ఏళ్ల తరబడి వేచి ఉండాలన్న భయం అరకొర కోడ్‌ను సైతం ముందుకు నెట్టేది. దానిని సరిచేయడానికి విడుదల మరింత జాప్యమయ్యేది.

2004లో నిర్వాహకులు బేసి శ్రేణికి స్వస్తి పలికారు. ఇప్పుడు ప్రతి విడుదల తరువాత రెండు వారాలు మాత్రమే కొత్త మార్పులను స్వీకరిస్తారు. ఆపై వారానికొక పరీక్షా కూర్పు, సాధారణంగా ఏడు లేదా ఎనిమిది వస్తాయి. అంతా కలిపి తొమ్మిది, పది వారాలు. సిద్ధం కాని మార్పు ఆగిపోతుంది గానీ విడుదల ఆగదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ లేకుంటే ఈ వేగం కష్టమయ్యేదే.

తక్కిన ప్రాజెక్టులూ అదే బాట పట్టాయి. ఫైర్‌ఫాక్స్ 2011లో ఆరు వారాల గడువుకు, 2020లో నాలుగు వారాలకు మారింది. పైథాన్ 3.9 నుంచి ఏటా ఒక కొత్త కూర్పు వస్తోంది. ఉబుంటు సంఖ్యలోనే సంవత్సరం, నెల ఉంటాయి కనుక ఆలస్యాన్ని దాచడం దానికి సాధ్యం కాదు: 2006 ఏప్రిల్‌లో రావలసిన కూర్పు జూన్‌లో 6.06గా వచ్చింది.

తరచుగా విడుదల చేయాలంటే విడుదల తేలిక కావాలి. పరీక్షలు, ప్యాకేజీ తయారీ, డిజిటల్ సంతకం వంటివి ఒకరి సొంత కంప్యూటర్‌లో చేతితో జరిగినంతకాలం అది శ్రమే కాదు, ప్రమాదం కూడా. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతమే ఇందుకు నిదర్శనం. 5.6.0, 5.6.1 కూర్పుల విడుదల ప్యాకేజీలలో ఉన్న ఒక స్క్రిప్టు భాగం బహిరంగ కోడ్ భాండాగారంలో లేదు. దొంగదారిని తెరిచింది అదే. లాగిన్ అర సెకను ఆలస్యం కావడాన్ని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయడంతో గుట్టు బయటపడింది. బహిరంగ కోడ్ నుంచి యంత్రమే ప్యాకేజీని తయారుచేస్తే, మరొకరు తిరిగి తయారుచేసి రెండింటినీ పోల్చి చూడవచ్చు.

వేగం అందరికీ అనుకూలం కాదు. వెంటవెంటనే మారలేని సంస్థల కోసం ఫైర్‌ఫాక్స్ 2012లో దీర్ఘకాలిక మద్దతు కూర్పును ప్రవేశపెట్టింది. కెర్నెల్‌లోనూ ఏడాదికొక కూర్పును అదే రీతిలో కొన్నేళ్లపాటు నిర్వహిస్తారు. అనువాదకులది మరో ఇబ్బంది. గతంలో విడుదలకు ముందు పదబంధాలను మార్చకుండా స్తంభింపజేసి వారికి వ్యవధి ఇచ్చేవారు. గడువు వారాలకు కుదించుకుపోయాక ఆ వ్యవధి చిక్కింది. అందుకే పలు ప్రాజెక్టులు కొత్త పదబంధం కోడ్‌లో చేరగానే దానిని అనువాద వేదికకు పంపుతున్నాయి. తెలుగు వంటి భాషలలో ఈ పని ఎక్కువగా కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తల మీదే ఆధారపడి ఉంటుంది. వారికి తీరిక దొరకని నెలలో తెలుగు మెనూ నడుమ ఓ ఆంగ్ల వాక్యం కనిపిస్తుంది.