ఉపాధి పథకాలు – అర్హతల చరిత్ర

ప్రభుత్వం ఏదైనా ఉపాధి పథకం ప్రకటించగానే మన ఇండ్లలో మొదట వినవచ్చే మాట "ఎంత ఇస్తరట?" అని. కాని మొదట అడగవలసినది "ఎవరికి ఇస్తరు?" అన్నది. పథకంలో సొమ్ము ఎంత ఉన్నా, అర్హత అనే గడప దాటిన వానికే అది చేరును. ఈ గడప ఎన్నిసార్లు ఎట్లా మారిందో మన ఆసిఫాబాద్ సోదరులు, తల్లులు, పిల్లలు తెలుసుకొనుట మంచిదని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన దేశంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు 1945లో మొదలైనవి. అవి మొదట యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుల కొరకే. 1948లో అందరికీ తెరిచారు. ఖాళీలను ఎక్స్ఛేంజీకి విధిగా తెలుపవలెనని 1959లో చట్టం వచ్చింది. అయితే తెలుపమన్నదే గాని, అక్కడి నుండి వచ్చిన పేర్లలోనే ఒకరిని తీసుకోవాలని ఆ చట్టం కట్టడి చేయలేదు. ఇక్కడ అర్హత అంటే కార్డు మీది తేదీ. ముందు పేరు రాయించుకొన్నవాడు ముందు. గడువులోగా రెన్యువల్ చేయించకపోతే ఏండ్ల సీనియారిటీ ఒక్కనాటితో పోయేది. కార్డు కోసం బస్సు చార్జీలు అప్పు తెచ్చుకొని పోయిన రోజులు మన పెద్దలకు యాదికి ఉండును. 1996లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుండి పోయిన మల్కాపట్నం ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో, ఎక్స్ఛేంజీ పేర్లతో పాటు పత్రికలలోనూ ప్రకటన ఇచ్చి అందరినీ పిలువవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తలుపు వెడల్పు అయ్యింది. కాని కార్డు పట్టుకొని ఏండ్ల తరబడి ఆగినవాని వరుసకు విలువ తగ్గింది.

ఉద్యోగాలు చాలవని తెలిసిన తరువాత ప్రభుత్వం స్వయం ఉపాధి వైపు తిరిగింది. 1983లో విద్యావంతులైన నిరుద్యోగులకు రూ. 25,000 వరకు అప్పు, అందులో నాలుగో వంతు సబ్సిడీ అన్నారు. వయస్సు 18 నుండి 35, చదువు మెట్రిక్. ఉర్దూ చక్కగా చదివి, చేతిలో మంచి పని ఉన్నా, మెట్రిక్ సర్టిఫికేట్ లేనివాడు అక్కడనే ఆగిపోయెను. 1993 అక్టోబర్ 2న ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన వచ్చింది. మూడేండ్లు ఆ ప్రాంతంలో నివాసం ఉండవలె, కుటుంబ ఆదాయం మొదట్లో ఏడాదికి రూ. 24,000 దాటకూడదు, ఏ బ్యాంకుకూ బాకీ పడి ఉండరాదు. చదువు నిబంధనను తరువాత ఎనిమిదో తరగతికి తగ్గించారు. కాని 35 ఏండ్ల హద్దు ఉండనే ఉన్నది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, వికలాంగులకు, మాజీ సైనికులకు పదేండ్ల సడలింపు ఇచ్చినా, మన మామూలు మగవారికి అది అందలేదు.

2006లో మాకు తెలిసిన ఒక భాయి దరఖాస్తు పట్టుకొని మా దగ్గరకు వచ్చిండు. పదేండ్లు ఎక్స్ఛేంజీ కార్డు రెన్యువల్ చేయిస్తూ ఎదురు చూసి, చివరికి కుట్టు మిషన్ల దుకాణం పెట్టుకొంటానన్నడు. బడి సర్టిఫికేట్‌లో పుట్టిన తేదీ 1970 జూలై 1. అంటే 35 దాటినట్లే. వాళ్ళమ్మ మాత్రం "సార్, వీడు పత్తి ఏరే కాలంలో పుట్టిండు, ఇంకా రెండేండ్లు చిన్నోడు" అన్నది. ఆమె మాట నిజమే కావచ్చు. కాని కాగితం కాగితమే. ఆ పాత రిజిస్టర్ చూస్తే పేజీకి సగం మంది పిల్లలు జూలై 1ననే పుట్టి ఉన్నరు! బడిలో చేర్చిననాడు ఒక మాస్టారు అందాజుగా వేసిన అంకె ముప్పై ఏండ్ల తరువాత ఒక మనిషి దారికి అడ్డం నిలిచింది. దరఖాస్తు తిరిగి వచ్చింది. అప్పటి నుండి బడిలో కొత్త పేరు రాసేటప్పుడు తల్లిదండ్రులను రెండుసార్లు అడగకుండ మేము కలం పెట్టలేదు.

ఈ చరిత్రలో చేదు మాట ఇదే. నిరుద్యోగం ఎంత పాతబడితే అర్హత అంత సన్నబడుతుంది. ఎక్కువ కాలం ఎదురు చూసినవాడే వయస్సు దాటిపోతాడు.

ఇంకొక తీరు కూడా ఉన్నది. వార్ధా నది దాటితే మహారాష్ట్ర. అక్కడ 1972-73 కరువు కాలంలో ఉపాధి హామీ పథకం నడిచి, 1977లో చట్టమయ్యింది. పల్లెలోని పెద్దవారు ఎవరైనా కూలి పని అడిగితే ఇవ్వవలసిందే. ఆ ఆలోచనే 2005లో దేశమంతటికీ చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. మొదటి విడతలోనే మన ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు ఉన్నవి. మెట్రిక్ అడగలేదు, 35 హద్దు లేదు. శరీర కష్టానికి సిద్ధపడిన ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజులు, 15 రోజులలో పని చూపకపోతే భృతి అని అప్పటి చట్టం చెప్పింది. అయితే పట్టణంలోని దర్జీకి, మెకానిక్‌కు అది వర్తించలేదు. 2008లో రోజ్‌గార్ యోజన స్థానంలో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మాత్రం 18 దాటితే చాలునని, పై వయస్సు హద్దు, ఆదాయ హద్దు తీసివేశారు. మైనారిటీలను ప్రత్యేక వర్గంలో చేర్చి పట్టణంలో 25, గ్రామంలో 35 శాతం సబ్సిడీ అన్నారు. మా భాయికి అప్పుడు ఈ గడప రెండేండ్లు ఆలస్యంగా తెరుచుకొన్నది.

కనుక మా విన్నపం ఒక్కటే. బిడ్డ పుట్టిన వెంటనే పుట్టుక నమోదు చేయించండి. పదో తరగతి నడుమ బడి మానిపించకండి. పథకం పేరు వినగానే, ఎవరికి, ఏ వయస్సు వరకు, ఏ కాగితంతో అని ముందుగా అడగండి. ఆ మూడు తెలిసినవాడే వేళకు గడప దాటగలడు.