మృగశిర కార్తెయు సూర్యబింబముమీది మచ్చలును

కంచికచర్ల పరిసరముల నల్లరేగడి నేలలను నమ్ముకొన్న రైతు, రోళ్లు పగులు రోహిణి కార్తె యెండలను తలవంచి భరించి, జూన్ రెండవ వారమున మృగశిర ప్రవేశించినది మొదలు పడమటి మబ్బువంక చూచుచు, ఆరుద్రలో పదునైన నాడు గొఱ్ఱు కట్టుటయో, పునర్వసు వఱకు వేచియుండుటయో తాతలనాటి లెక్కతో తేల్చుకొనుచుండును. ఈ లెక్క తిథులది కాదు, సూర్యునిది. సూర్యు డొక నక్షత్రమును దాటుటకు పట్టు పదుమూడు పదునాలుగు దినముల కాలమే కార్తె. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై దిగువ డెల్టాకు కాలువ నీరు పాఱిన పిమ్మటకూడ, నందిగామ, జగ్గయ్యపేట సీమల మెట్టచేలు ఆకాశమునే నమ్ముకొని యుండెను; సాగరు ఎడమకాలువ వచ్చి కొన్ని చేల దాహము తీర్చినది గాని, పత్తికిని కందికిని మిరపకును నేటికిని వానయే మూలధనము. వాన సూర్యుని నడక ననుసరించి వచ్చునని మా సీమ యేనాడో నమ్మినది. నడకయే కాక, సూర్యుని లోపల కలుగు మార్పులుకూడ వానను శాసించునా యను ప్రశ్నకు రెండు వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో కృష్ణాతీరమునకు దక్కిన స్థానమును మనవారే మఱచినట్లున్నారని నా బాధ.

ప్రశ్న పుట్టుక ఇంకను ప్రాచీనము. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఆదిత్యచారాధ్యాయమున, రాహుపుత్రులగు ముప్పదిమూడు తామసకీలకములు సూర్యబింబముమీద కానవచ్చునని, వాని రూపవర్ణముల ననుసరించి దేశమునకు క్షామాదులు వాటిల్లునని విధించినాడు. ఉదయాస్తమయములందు ధూళి కప్పిన బింబముపై పెద్ద మచ్చలు కంటికే కానవచ్చునన్నది నిజమే కావున, ఆ వర్ణన కేవల కల్పన యనుటకు వీలులేదు. ఐతే అక్కడ మచ్చ శకునమే కాని కారణము కాదు. కారణమును వెదకవలెనన్న, మచ్చలను లెక్కించి, వానిని వానలెక్కతో పోల్చి, పొత్తు కుదురనిచో మొగమాటము లేకుండ వదలివేయు ఓపిక వలయును. ఆ ఓపిక కుదురుటకు పండ్రెండు వందల యేండ్లకు పైగా పట్టినది.

పదునేడవ శతాబ్ది ఆరంభమున దూరదర్శిని వచ్చినంతనే గెలీలియో మొదలగువారు మచ్చలను చూచి చిత్రించిరి. 1801లో విలియం హెర్షెల్, మచ్చలు తక్కువైన కాలమున ఇంగ్లండులో గోధుమ ధర పెరిగినదని చెప్పగా ఆనాటివా రాదరింపలేదు. జర్మనీలోని దెస్సౌ పట్టణమున మందుల వ్యాపారియైన ష్వాబే యనునతడు, ఎవరును నియోగింపకయే పదునేడేండ్లు ప్రతిదినమును సూర్యుని చూచి మచ్చల సంఖ్య వ్రాసికొని, అవి సుమారు పదేండ్ల కొకమారు పెరిగి తరుగుచున్నవని 1843లో ప్రకటించెను. పిమ్మట వుల్ఫ్ ఆ యావృత్తిని పదునొకండేండ్లుగా సవరించెను. వాతావరణమును సూర్యునితో ముడివేయువారికి చేత పట్టుకొన నొక గడియారము దొరికినది.

సరిగా ఆ కాలముననే సూర్యశాస్త్రము మన యింటికి వచ్చినది. విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, అనగా 1868 ఆగస్టు 18వ తేదీ, మఖ కార్తెలో, చంద్రచ్ఛాయ పడమటనుండి తూర్పునకు దక్కనును దాటి కృష్ణాముఖమున సముద్రములో దిగినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున ఒక ఫ్రెంచి వర్తకుని యింట పరికరములు నిలిపినాడు. ఆంగ్లేయుడగు టెన్నెంటుకూడ గుంటూరుననే విడిసినాడు. మదరాసు నక్షత్రశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణము చేరినాడు. ఆతని సహాయకుడును, తనంతటివాడుగా పేరుపొందిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుడునగు చింతామణి రఘునాథాచార్యులు నైజాము రాజ్యములోని వనపర్తియందు నిలిచినాడు. కృష్ణకు ఉత్తరపు గట్టుననున్న కంచికచర్లయు ఆ ఛాయాపథములోనిదే. నాడు పట్టపగలు చుక్కలు చూచి గోవులు కొట్టములకు మరలియుండును. జాన్సెన్ గ్రహణవేళ బింబపుటంచున లేచిన అగ్నిజ్వాలల వర్ణపటమును చూచి, ఆ రేఖల కాంతి యంతటిదైనచో గ్రహణము లేనప్పుడుకూడ వీనిని చూడవచ్చునని తలంచి, మఱునాడే ప్రచండమైన యెండలో చూచి చూపెను. అదే యుపాయము ఇంగ్లండులో లాకయరునకు అక్టోబరులో స్వతంత్రముగా స్ఫురించినది. ఉభయుల వార్తలును పారిస్ పండితపరిషత్తునకు ఒక్కనాడే చేరినవి. భూమిమీద నెఱుగని పసుపుపచ్చని రేఖ యొకటి ఆ జ్వాలలలో మెఱయుటయు, దానికి పిమ్మట హీలియమను పేరు వచ్చుటయు అందఱెఱిగినదే. నా దృష్టిలో అంతకన్న ఘనమైనది, గ్రహణమునకై యేండ్లతరబడి వేచియుండవలసిన శాస్త్రము గుంటూరులో ఒక్క రాత్రి గడచునప్పటికి నిత్యానుష్ఠానముగా మాఱుటయే. సూర్యుని చాంచల్యమును ప్రతిదినము లెక్కించుటకు ద్వారము అక్కడ తెఱవబడినది. విశాఖపట్టణమున గోడే వేంకటజగ్గారావుగారు నెలకొల్పిన వేధశాలను అంకితం వేంకటనరసింగరావుగారు నడుపుచుండుటయు నీ కాలముననే యని తలచుకొన్నచో, ఇది పరదేశీయులు మన నేలమీద వచ్చి ఆడి వెడలిన నాటకము మాత్రమే కాదని తెలియును.

గ్రహణము గడచిన ఎనిమిదేండ్లకు ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వఱకు బళ్లారి, కర్నూలు, కడప సీమలు ఎండి, దక్షిణాపథమున 50 లక్షలకు మించిన జనము నశించినారు. బండ్లు కట్టుకొని నీరున్న డెల్టా గ్రామములకు వలస వచ్చినవారి కథలు మా పెద్దల నోట ఇంకను వినవచ్చుచుండెడివి. అప్పుడు గణాంకశాఖాధిపతియైన హంటరు, చెన్నపట్టణమున 1813 మొదలుకొని నిలిచియున్న వానలెక్కలను మచ్చల లెక్కలతో ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. గుంటూరు సీమలో మూడవవంతు జనమును కబళించిన నందన కరువు 1832, 33 సంవత్సరములది. మచ్చలు 1833లో కనిష్ఠము. గంజామును గుల్లచేసిన కరువు 1866నాటిది. మచ్చలు 1867లో కనిష్ఠము. ధాత కరువు ముగియునప్పటికి మచ్చలు మరల అడుగంటుచున్నవి. హంటరును లాకయరును కలిసి 1877లో మచ్చలును క్షామములును అను వ్యాసము ప్రకటించినప్పుడు, ఆ పొందికను చూచి చలింపని పాఠకుడుండడు. పదునొకండేండ్లు ముందుగా క్షామము నెఱిగినచో ధాన్యము నిలువచేయవచ్చును, చెఱువులు త్రవ్వవచ్చును, ప్రాణములు కాపాడవచ్చును. ఆ యాశలోని కరుణ నేను తక్కువచేయజాలను. ఐతే ధాత కరువున జనము చచ్చినది వాన లేమిచేత మాత్రమే కాదు; ధాన్యము ఓడలకెక్కి విదేశములకు పోవుచుండగా, సహాయశిబిరములలో కూలిగింజలను కోసివేసిన పాలన సూర్యునిలో లేదు. మచ్చలమీద పడిన దృష్టి ఆ పాపమునుండి కొంత దృష్టిని మఱలించినదను మాటకూడ చెప్పకతీఱదు.

ఆశకు ఫలముగా నొక గొప్పసంస్థ మిగిలినది. వానకును సూర్యునకును గల సంబంధము తేల్చవలెనను తలంపు మదరాసు నక్షత్రశాలను కొండలమీదికి నడిపించి, 1899లో కొడైకెనాలు సూర్యవేధశాలగా చేసినది. మిచీస్మిత్ దానికి మొదటి యధిపతి. ఆతనికి సహాయకుడుగా వచ్చి, యనంతరము తానే యధిపతియైన ఎవర్షెడ్, మచ్చలనుండి వాయువులు వెలుపలివైపునకు ప్రసరించుచున్నవని 1909లో అక్కడనే కనుగొనెను. అంతకు ముందేడాది అమెరికాలో హేల్, మచ్చలు బలిష్ఠమైన అయస్కాంతక్షేత్రముల నెలవులని నిరూపించియుండెను. కొడైకెనాలులో నూఱేండ్లకు మించి చేరిన సూర్యచిత్రములు నేటికిని ప్రపంచమునకు నిధి. హైదరాబాదు నిజామియా వేధశాల యుద్యోగి కుమారుడై ఆ పరిసరములలో పెరిగిన వైనుబప్పు 1960లో ఆ సంస్థ కధిపతియగుటయు మనము గర్వింపదగిన మాటయే.

ఆశ మాత్రము పరీక్షలో నిలువలేదు. 1904లో భారత వాతావరణశాఖ కధిపతిగా వచ్చిన గణితవేత్త గిల్బర్టు వాకరు, మచ్చలకును వానలకును గల పొత్తును కొలిచి, అది పంటను నమ్మించునంతటిది కాదని తేల్చి, అంతటితో విరమింపక, ప్రపంచమంతటి వాయుపీడనముల పట్టికలను వెదకి, శాంతమహాసముద్రమున ఒకవైపు పీడనము హెచ్చినప్పుడు హిందూమహాసముద్రపు వైపున తగ్గుననియు, ఆ తూగాటముతో మన నైరృతి ఋతుపవనము ముడిపడియున్నదనియు కనుగొనెను. నేడు వార్తాపత్రికలలో ఎల్ నినో యని చదువుచున్న దానికి ఈ తూగాటమే జోడు. సూర్యునిలో వెదకినది సముద్రములో దొరికినది. పిమ్మటి శతాబ్దియు వాకరునే సమర్థించినది: 1918, 1979, 2002 సంవత్సరముల అనావృష్టులు మూడును మచ్చలు పరాకాష్ఠకు చేరువగా నున్నప్పుడు వచ్చినవి. హంటరు చూపిన పొందిక అబద్ధము కాదు, చిన్నలెక్క. తుపానులు మచ్చలతో పెరుగునని 1872లో మారిషస్‌లో మెల్డ్రమ్ చెప్పిన మాటకుకూడ మన తీరము సాక్ష్యమీయలేదు; 30,000 మందిని మ్రింగిన 1864 బందరు ఉప్పెనగాని, 1977 దివిసీమ ఉప్పెనగాని మచ్చల పరాకాష్ఠలో వచ్చినవి కావు.

ఇంతమాత్రమున సూర్యుని మార్పులు వ్యర్థమనరాదు. 1645 మొదలు 1715 వఱకు డెబ్బదియేండ్లు మచ్చలు దాదాపు లోపించినవని మౌండరు చెప్పియుండగా, 1976లో జాన్ ఎడ్డీ పాతలిఖితములను, చెట్ల వలయములలోని కార్బనును పరిశీలించి దానిని స్థిరపఱచెను. యూరపు ఖండమున చలి మిక్కుటమైన కాలముతో అది కలిసివచ్చినది. ఐనను ఆ చలి అంతకు ముందే ఆరంభమైనది, అగ్నిపర్వతముల ధూళికి అందు పెద్దపాలు కలదు. 1978 మొదలు ఉపగ్రహములు సూర్యశక్తిని వాయుమండలమునకు వెలుపలినుండి కొలుచుచున్నవి. చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. పదునొకండేండ్ల ఆవృత్తిలో మార్పు నూటికి పదియవవంతు. నల్లనిమచ్చలు పెరిగినప్పుడు సూర్యుడు మసకబాఱునని తోచును గాని, వానిచుట్టు వెలుగు మెఱుపుపొడలు మచ్చలు హరించినదానికన్న ఎక్కువ కాంతి నిచ్చుటచే, మచ్చలు హెచ్చిన యేడు సూర్యుడు ఇంచుక ప్రకాశవంతుడే. అతినీలకిరణములలో మాత్రము మార్పు పెద్దది. అది పైవాయువులోని ఓజోనును కదలించి, గాలుల మార్గములను కొంత సవరించును. మొత్తముమీద భూమి వేడిమిపై ఈ ఆవృత్తి ప్రభావము డిగ్రీలో పదియవవంతు.

కావున నేటి వేడిమికి సూర్యుని నిందించుట అన్యాయము. 1980 పిమ్మట సూర్యుని చురుకుదనము కొంత తగ్గినది, భూమి వేడిమి మాత్రము పెరిగినది. సూర్యుడే కారణమైనచో వాయుమండలపు పై యంతస్తుకూడ వేడెక్కవలయును, అది చల్లబడుచున్నది. పదిలక్ష పాళ్లలో 280గా నుండిన బొగ్గుపులుసు వాయువు 420 దాటినది. శుక్రగ్రహము సూర్యునకు దగ్గఱనున్నను, తన తెల్లనిమేఘములచే కాంతిలో నధికభాగము త్రిప్పికొట్టి, భూమికన్న తక్కువ శక్తినే గ్రహించుచు, ఆ వాయువు కప్పిన దుప్పటిలో 460 డిగ్రీల మేర మాడుచున్నది. అంగారకునిది వేఱొక గతి: రక్షించు అయస్కాంతక్షేత్రము లేమిచే సౌరపవనము దాని వాయువును సెకనుకు సుమారు 100 గ్రాముల చొప్పున చిలికి కొనిపోవుచున్నది; సౌరతుపాను వీచిన నాడు ఆ నష్టము హెచ్చును. కోట్లయేండ్లలో ఒక గ్రహపు ఋతువులనే ఆర్పివేయగల సూర్యుడు, మన యొక కార్తె వానను నిర్ణయించు పనిలో మాత్రము సముద్రమునకు పగ్గములు విడిచినాడు.

2023వ సంవత్సరమును మా సీమ మఱవజాలదు. మచ్చలు పరాకాష్ఠకు ఎక్కుచుండిన యేడది. జులై చివర, పుష్యమి కార్తెలో, మునేరు పొంగి, ఐతవరము దగ్గఱ హైదరాబాదు రాజమార్గముమీద పాఱి, లారీలు కీసర వఱకు నిలిచిపోయినవి. పిమ్మటి ఆగస్టు, 1901 మొదలు దేశమున అంత పొడి ఆగస్టు లేదనిపించుకొన్నది. శాంతమహాసముద్రమున ఎల్ నినో. నీట మునిగిన పత్తియే నెల తిరుగకమునుపు బెట్టకు వ్రాలినది. సెప్టెంబరు 2వ తేదీ, సూర్యుడు పుబ్బలో నుండగా, శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్-1 లేచినది. జనవరి 6వ తేదీకి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, గ్రహణచ్ఛాయ యెన్నడును అడ్డురాని నెలవు చేరి, గుంటూరులో జాన్సెన్ గ్రహణవేళ చూచిన యంచును అది ఇప్పుడు ఎడతెగక చూచుచున్నది.