మండేలా పిలిస్తే ఆఫ్రికా ఎందుకు రాలేదు?

1996 ఆఫ్రికా కప్ ఫుట్‌బాల్. ఆడాల్సినవి 16 జట్లు, ఆడినవి 15. రానిది ఎవరో తెలుసా? 1994లో కప్పు కొట్టిన నైజీరియా! ఆతిథ్యం ఇచ్చింది దక్షిణాఫ్రికా. భద్రత సరిగ్గా లేదని నైజీరియా సాకు చెప్పింది. కానీ అసలు గొడవ ఆట గురించి కాదు. ఆఫ్రికాకి పెద్దన్న ఎవరు అన్నదాని గురించి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1994లో వర్ణవివక్ష పాలన పోయి మండేలా ప్రెసిడెంట్ అయ్యారు. దేశానిది బలమైన ఎకానమీ, నాయకుడేమో 27 ఏళ్లు జైల్లో ఉండి వచ్చిన మనిషి. ఇక ఆఫ్రికాని నడిపించేది వీళ్లే అని చాలామంది అనుకున్నారు.

అప్పుడు నైజీరియాలో సైనిక నియంత సానీ అబాచా పాలన. చమురు కాలుష్యం మీద ఒగోని ప్రజల తరఫున పోరాడిన రచయిత కెన్ సారో-వివాకి, మరో 8 మందికి ఉరిశిక్ష పడింది. మండేలా మాత్రం మెల్లగా నచ్చచెబితే అబాచా వింటాడని నమ్మారు. వినలేదు. 1995 నవంబర్ 10న, న్యూజిలాండ్‌లో కామన్వెల్త్ సమావేశం జరుగుతుండగానే 9 మందినీ ఉరితీశారు.

మండేలాకి పట్టలేనంత కోపం వచ్చింది. నైజీరియాని సస్పెండ్ చేయాలన్నారు, కామన్వెల్త్ చేసింది. చమురు మీద ఆంక్షలు పెట్టాలన్నారు. అక్కడే ఒంటరైపోయారు. పాశ్చాత్య దేశాలు చమురు జోలికి పోలేదు. ఆఫ్రికా దేశాలు కూడా వెంట నడవలేదు. సాటి ఆఫ్రికా దేశాన్ని బజారుకీడుస్తున్నారన్న విమర్శ వచ్చింది. పైగా వర్ణవివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికా ఉద్యమకారులకి డబ్బు, ఆశ్రయం ఇచ్చిన దేశాల్లో నైజీరియా ఒకటి.

ఈ దెబ్బ దక్షిణాఫ్రికా మర్చిపోలేదు. తర్వాత వచ్చిన థాబో ఎంబెకి, నైజీరియా కొత్త ప్రెసిడెంట్ ఒబసాంజోతో చేతులు కలిపారు. 2002లో ఆఫ్రికన్ యూనియన్ డర్బన్‌లోనే మొదలైంది. అంతా బాగానే ఉంది. కానీ పక్కనున్న జింబాబ్వేలో ముగాబే ప్రతిపక్షాన్ని అణిచేస్తుంటే ఎంబెకి గట్టిగా నోరెత్తలేదు.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు నేనొకటి గమనించా. టీమ్ లీడ్ అని మెయిల్ వస్తే సరిపోదు, టీమ్ మన వెంట రావాలి. దేశాలకీ అంతే. నా దృష్టిలో మండేలా అడిగింది తప్పు కాదు. కాకపోతే ఆలస్యంగా అడిగారు, ఒక్కరే అడిగారు. అందరినీ కలుపుకోవాలని నోరు మూసుకుంటే అది పెద్దరికమేనా? మీరేమంటారు?

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.