పిల్లల మాట బయటికి వచ్చిన దారి: టీవీ నుంచి మన ఫోన్ దాకా

పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు ముందు పేజీల్లో చూసే ఉంటారు. ఇక్కడ లెక్క కాదు, కొంచెం చరిత్ర రాస్తున్నాం. పిల్లల మీద జరిగే లైంగిక వేధింపుల మాట టీవీకి, ఫోన్‌కి ఎట్లా వచ్చింది, ఆ ఫోన్‌తో మేము ఎక్కడ తప్పు చేశాం అనేది చెప్తాం.

మన చిన్నప్పుడు "ఆ ఇంటికి పోకు" అనేవాళ్లు. ఎందుకో చెప్పేవాళ్లు కాదు. 1996లో ముంబైలో చైల్డ్‌లైన్ మొదలైంది. ఆపదలో ఉన్న పిల్లలు పైసా ఖర్చు లేకుండా 1098కి ఫోన్ చేయొచ్చు. 2007లో కేంద్ర ప్రభుత్వం ఒక అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా, 12,447 మంది పిల్లలను అడిగారు. 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందన్నారు. అందులో మగపిల్లలు ఆడపిల్లల కంటే తక్కువేమీ లేరు. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

2012 మే నెలలో ఆమిర్ ఖాన్ 'సత్యమేవ జయతే'లో ఒక ఆదివారం అంతా ఇదే మాట్లాడారు. ఇంటిల్లిపాది కూర్చునే టీవీలో ఈ మాట రావడం అప్పటికి పెద్ద సంగతి. అదే నెలలో పార్లమెంటు పోక్సో చట్టం ఆమోదించింది. నవంబర్ 14న, పిల్లల పండుగ రోజు, అమల్లోకి వచ్చింది. తర్వాత చైల్డ్‌లైన్ వాళ్ల 'కోమల్' అనే బొమ్మల సినిమా యూట్యూబ్‌లో, బడుల్లో తిరిగింది. అందులో తప్పు చేసేవాడు ఎక్కడి నుంచో వచ్చిన దొంగ కాదు. ఇంట్లో అందరికీ మంచివాడైన పక్కింటి అంకుల్. అందుకే అది తల్లుల గుండెకు తగిలింది.

ఫోన్‌కి ఇంకో మొహం కూడా ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో అబద్ధాలు తిరిగాయి. దేశంలో చాలాచోట్ల, మన తెలంగాణలోనూ, అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊళ్లకు పంపారు, కళాకారులతో పాటలు పాడించారు. అక్కడ నిజం చెప్పింది ఫోన్ ఒక్కటే కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా.

ఇక మా తప్పు. పక్క ఊరి పాపకు అన్యాయం జరిగిందని ఫోటోతో ఒక మెసేజ్ వచ్చింది. "న్యాయం జరిగేదాకా షేర్ చేయండి" అని ఉంది. మేమూ గ్రామ సంఘం గ్రూపులో పెట్టాం. కొన్నాళ్లకు ఆ తల్లి మా మీటింగుకే వచ్చి, "మీరు మంచికే పంపిన్రు అక్కా. కానీ నా బిడ్డ బడికి పోతలేదు, అందరూ దాన్నే చూస్తున్నరు" అన్నది. మాలో ఒక్కరికీ నోట మాట రాలేదు. ఆ తర్వాత తెలుసుకున్నాం. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అట్లాంటి పాప పేరు, ఫోటో, బడి, చిరునామా ఎక్కడా బయటపెట్టకూడదు. పోక్సో కూడా అదే చెప్తుంది. చిన్న ఊళ్లో అయితే "ఫలానా వీధి" అన్నా పాప ఎవరో తెలిసిపోతుంది.

అప్పుడు కూర్చుని మా ప్రచారాన్ని కొత్తగా రాసుకున్నాం. ఏ పిల్ల ఫోటో పెట్టం, ఏడుస్తున్న బొమ్మ కూడా పెట్టం. చదవలేని అక్కల కోసం రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చేస్తాం. "తెలియనివాళ్లతో జాగ్రత్త" అని ఆపేయం, తెలిసినవాళ్ల గురించీ చెప్తాం. జాగ్రత్త భారం పిల్లల మీద వేయకుండా పెద్దలతో మాట్లాడతాం: బిడ్డ చెప్తే నమ్మండి, తిట్టొద్దు, "నీ తప్పు లేదు" అనండి, పదే పదే అడగొద్దు, పెద్దమనుషుల పంచాయితీకి పోవద్దు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాల్సిందే అని పోక్సో 19వ సెక్షన్ అంటుంది. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. పెట్టే ముందు ఇద్దరు తల్లులు, ఇద్దరు కిశోర బాలికలు విని సరే అనాలి.

మొదటి మెసేజ్‌కి "ఇవి గ్రూపులో పెట్టే మాటలా?" అని ఒక అక్క కోప్పడింది. మిగతావాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. అదే వాయిస్‌ని మీటింగులో ఫోన్ మధ్యలో పెట్టి వినిపిస్తే మాత్రం మాటలు వచ్చాయి. కోప్పడిన అక్కే చివరి దాకా ఉండి, తన చిన్నతనం సంగతి మొదటిసారి చెప్పుకుంది. అప్పటి నుంచి ప్రతి వాయిస్‌నీ ముందు మీటింగులో వినిపించి, తర్వాతే గ్రూపులో పెడుతున్నాం.

అక్కలారా, అట్లాంటి ఫోటో మీకు వస్తే ఇంకొకరికి పంపొద్దు, పోలీసులకు చెప్పండి. పిల్లల అశ్లీల వీడియోలు దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 1098, 112 నంబర్లు పొదుపు పుస్తకం అట్ట మీద రాసుకోండి. వచ్చే నెల నుంచి ప్రతి సంఘంలో ఒక వాయిస్ విని, అప్పుడు పొదుపు లెక్క మొదలుపెడదాం.